ఇమానాల బయలు

మా చుట్టుపక్కల పల్లెల్లో మాదిగోళ్లు చెప్పులేసుకుని నిటారుగా నడిచే దారి ఒక్కటే ఉండేది. అది ఏ ఊరికీ పోయేది కాదు. ఈ కొసన కంపచెట్లలో మొదలై ఆ కొసన కంపచెట్లలోనే ఆగిపోయేది. తెల్లోడు రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు దిగడానికి వేయించిన దారి. కాగితాల్లో దాని పేరు దొనకొండ ఏరోడ్రం. మా పల్లె నోటికి ఇమానాల బయలు.

ప్రకాశం జిల్లా పడమటి వైపు ఎరిగినవాళ్లకి దొనకొండ గురించి చెప్పనక్కర్లా. గుంటూరు నుంచి గుంతకల్లు పోయే రైలు మార్గంలో ఉంటది. నా చిన్నప్పుడు అది మీటరు గేజి. బొగ్గింజన్లు, వాటికో లోకోషెడ్డు, దాని చుట్టూ రైల్వే క్వార్టర్లు. క్వార్టర్ల వెలుతురు దాటితే అంతా మెట్ట. వానొస్తే సజ్జలు, కందులు. రాకపోతే వలస. జిల్లా ఏర్పడింది 1970లో. నేను దానికంటే ఎనిమిదేళ్లు పెద్దదాన్ని. మా పల్లె పేరు మాత్రం ఇక్కడ రాయను. మావాళ్లు ఇంకా ఆడే బతుకుతున్నారు, ఆ పెద్దూరోళ్ల పొలాలకే కూలికి పోతున్నారు.

పెద్దూరికీ మా పల్లెకీ మధ్య ఒక వాగు. వాగు దాటి మొదటి ఇల్లు రాగానే చెప్పులు విడిచి చేతబట్టుకోవాల. మా నాయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకునేవాడు. వాన పడతా ఉన్నా గొడుగు మూయాల్సిందే. ఇవి ఎవరూ మమ్మల్ని కూర్చోబెట్టి నేర్పలా. నడక ఎట్టా వచ్చిందో ఇవీ అట్టానే వచ్చినాయి. పెద్దూళ్లో ఏ గోడకి ఎంత దూరంలో నడవాలో మా కాళ్లకి తెలుసు. ఏ అరుగు ముందు తల దించాలో మా మెడలకి తెలుసు. పొలాల్లో గట్టెక్కితే ఆ గట్టు ఎవరిదో వాళ్లు అదిలిస్తారు. చెరువుకి పోతే ఏ రేవు ఎవరిదో పంచుకునుంది. ఇమానాల బయల్లో గట్టు లేదు, రేవు లేదు, అరుగు లేదు. అది సర్కారుది. సర్కారుదంటే మా పల్లె లెక్కలో ఎవరిదీ కాదని.

బాల్యం గురించి రాసే పెద్దకులాల రచయితలకి మామిడితోటలుంటాయి, పంటకాలవలుంటాయి, తాతగారి పడకకుర్చీ ఉంటది. మాకు యుద్ధం వాడుకుని పారేసిన నేల ఉంది. తక్కువేం కాదు.

యుద్ధం సంగతి నేను పుస్తకాల్లో చదివింది చాలా తర్వాత. 1942 ఏప్రిల్ 6న జపానువాళ్లు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులేశారు. కోస్తా అంతా హడలిపోయింది. గన్నవరం, మధురపూడి, తాడేపల్లిగూడెం, ఇట్టా మన జిల్లాల్లో యుద్ధానికి వాడిన విమానాల దిబ్బలు చాలా ఉన్నాయి. గన్నవరంలో, మధురపూడిలో తర్వాత ప్రయాణికుల విమానాలు ఎగిరాయి. మా బయల్లో మేకలు తిరిగాయి.

మా జేజికి ఆ తారీకులేవీ తెలవదు. "యుద్ధమంటే ఏంది జేజీ?" అనడిగితే, "యుద్ధమంటే గంపమ్మే. రాయి మోసే గంప" అనేది.

మా అబ్బా జేజీ ఇద్దరూ ఆ పనికి పోయినోళ్లే. అబ్బ రాయి కొట్టేవాడు, జేజి మోసేది. మా పెద్దమేనత్తను చెట్టుకి గుడ్డ ఉయ్యాల కట్టి పడుకోబెట్టి పనిలోకి దిగేది. దిమ్మిస కొట్టేవాళ్లు, నీళ్లు చల్లేవాళ్లు, గులకరాయి పరిచేవాళ్లు, అందరూ చుట్టుపక్కల మాలమాదిగ పల్లెల జనమే. పని చేయించే మేస్త్రి పెద్దకులపాయన. తాగేనీళ్ల కుండలు వేరేగా పెట్టించాడు. తెల్లోడి యుద్ధంలో కూడా మా నీళ్లు మావే.

అయినా జేజి ఆ రోజుల్ని తిట్టుకునేది కాదు. ఎందుకో నాకు పెద్దయ్యాక అర్థమైంది. అప్పటిదాకా మా ఇంట్లో కష్టానికి డబ్బులొచ్చిన రోజు లేదు. ఏడాది పొడుగునా రైతులకి చెప్పులు కుట్టాల, మోటలు కట్టాల, ఎద్దులకి వార్లు, పలుపులు ఇయ్యాల. పంటకాలంలో కల్లం కాడికి పోయి చేయి చాపితే మేర పోసేవాళ్లు. మేర అంటే లెక్కే. ఇంత అని ఒప్పుకున్న లెక్క. కానీ పోసేవాడి చెయ్యి పైనా, పట్టేవాడి గుడ్డ కిందా ఉన్నంతకాలం అది బిచ్చం మాదిరే ఉండేది. యుద్ధం పనిలో వారానికోసారి కూలి. చేతిలో నాణేలు. ఆడదానికి మగాడికంటే తక్కువే, అయినా జేజి చేతికే ఇచ్చారు. ఆ డబ్బుల్తో ఆమె కొన్న ఇత్తడి చెంబు మా ఇంట్లో చాలా ఏళ్లుంది. ఆ కాలంలోనే వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా అంబేడ్కర్ కూర్చునున్నాడని నేను చదివి చెప్పేనాటికి జేజి మంచం పట్టింది. విని, "మనోడేనా?" అంది. "మనోడే" అన్నా. "మరి నీళ్లకుండ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదామ్మే?" అంది.

మా వంశంలో గంపలెత్తడం అది రెండోసారి. జేజి వాళ్ల పెద్దలు 1876-78 కరువులో ఒంగోలు క్లౌ దొర పట్టిన బకింగ్‌హాం కాలవ పనికి నడిచిపోయి ప్రాణాలు నిలుపుకున్నారంట. కరువు తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారని చర్చి చరిత్రలో ఉంది. మావాళ్లు ఆ రోజు గుంపులోనే ఉన్నారో తర్వాత కలిశారో గాని, మేం మాత్రం పుట్టుకతోనే దేవుడి బిడ్డలం, పెద్దూళ్లో మాదిగోళ్లం.

యుద్ధమయిపోయింది. తెల్లోడు పోయాడు. విమానాలు రావడం మానేసినాయి. మేం ఆడుకునే నాటికి ఆడ మిగిలిందల్లా గట్టిపడ్డ ఆ పొడుగాటి నేల, పైకప్పు కూలిన గోడలు, రాళ్ల సందుల్లో మొలిచిన తంగేడు, సర్కారుతుమ్మ. నేలలో అక్కడక్కడా పాతేసిన ఇనపకొక్కేలుండేవి. విమానాలు గాలికి కదలకుండా తాళ్లేసి కట్టడానికని అబ్బ చెప్పేవాడు. మేం వాటికి మేకల్ని కట్టేవాళ్లం. మేక పక్కన నిలబడి మా చిన్నన్న నోటితో ఇంజను చప్పుడు చేసేవాడు. మేక బెదిరి ఎగిరితే, "లేసింది! ఇమానం లేసింది!" అని చేతులు చాపుకుని ఆ కొస దాకా ఉరికేవాళ్లం.

ఎంత ఉరికినా తరగని నేల అది. మా పల్లెలో ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. పదడుగులేస్తే ఎవరిదో పొయ్యి, ఎవరిదో లంద. తోళ్లు నానేసిన లంద వాసన మా బట్టలకీ మా పలకలకీ పట్టుకుని ఉండేది. బడిలో పెద్దూరి పిల్లలు ముక్కు మూసుకునేది దానికే. బయల్లో గాలికి ఆ వాసన పోయేది. నాకు బాగా గుర్తు, చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుని, "పోయింది" అని చిన్నన్నకి చూపించేదాన్ని.

మధ్యాహ్నం బడిలో పెట్టిన గోధుమరవ్వ ఉప్మా సగం తిని సగం జేబుల్లో పోసుకుని వచ్చేవాళ్లం. మా ఆటలన్నీ ఆ నేల కొలతలోనే ఉండేవి. బిళ్లంగోడు ఆడితే బిళ్ల ఎంత దూరం పోయినా ఎవరి దొడ్లోనూ పడదు, ఎవరూ తిట్టరు. ఇనపముక్కలు, మేకులు దొరికితే ఏరుకుని పాతసామాన్లాయనకి వేసి బెల్లంముక్కలు తినేవాళ్లం. తుపాకిగుండు దొరుకుద్దని మా పెదనాయన కొడుకు రెండేళ్లు తవ్వాడు. దొరకలా.

మా అబ్బ కుట్టే కిర్రుచెప్పులకి చుట్టుపక్కల పేరు. ఆసాములు నడుస్తుంటే ఆ చప్పుడు వీధి చివరి దాకా వినపడాల. తంగేడు చెక్కతో ఊనిన తోలు తీసుకుని, ఆముదం పట్టించి, ఆరెతో పొడిచి కుట్టేవాడు. కిర్రు ఎట్టా వచ్చుద్దో ఆ కిటుకు మా నాయనకి కూడా చెప్పలా. అయితే చెప్పులు కుట్టగానే ఇచ్చేయడానికి లేదు. కిర్రు పలుకుద్దో లేదో నడిచి చూడాల. పల్లెలో నడిచి చూద్దామంటే ఆ చప్పుడు వాగు దాటి వినపడితే ఇంకేమన్నా ఉందా? అందుకని సాయంత్రం చెప్పులు గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని ఇమానాల బయలుకి వచ్చేవాడు.

మేం ఆట ఆపి చూసేవాళ్లం. అబ్బ గుడ్డ విప్పి, చెప్పులు నేలమీద పెట్టి, కాళ్లు దులుపుకుని తొడుక్కునేవాడు. తలపాగా సర్దుకునేవాడు. పల్లెలో, పెద్దూళ్లో వంగి నడిచే మనిషి బయల్లో ఈడనించి ఆడకి వీపు చాపి నడిచేవాడు. కిర్రు, కిర్రు, కిర్రు. ఆ కొస దాకా పోయి తిరిగొచ్చేవాడు. ఒక్కసారి నడిచినా తెలిసిపోయే చప్పుడు కోసం ఒక్కోసారి మూడు మార్లు తిరిగేవాడు. మేం వెనకాలే వరసగా, ఉత్తకాళ్లతో, నోళ్లతో కిర్రు కిర్రు అనుకుంటా నడిచేవాళ్లం. అయ్యాక చెప్పుల్ని గుడ్డతో తుడిచి మళ్లీ చుట్టేవాడు.

జేజి ఇంట్లో నవ్వేది. "ఎంగిలి చేసి ఇస్తన్నావా ఆసామికి?" అనేది.

"నా కాలు పట్టని చెప్పు ఏ నాకొడుకు కాలికీ పోలేదే ఈ ఊళ్లో" అనేవాడు అబ్బ. పైకి అనేవాడు కాదు, గొంతు తగ్గించే అనేవాడు. అయినా ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం నాకు కళ్లకి కట్టినట్టుంది. మా దగ్గర తిరుగుబాటు కథలు తక్కువేమీ లేవు. వాటిని ఎక్కడ ఏరుకోవాలో తెలియక మీటింగుల్లో లేవని చెప్తుంటాం.

చిన్నన్న సైకిలు నేర్చుకుంది కూడా ఆ బయల్లోనే. స్టేషను కాడ అద్దె సైకిళ్లుండేవి, గంటకి పావలా. బొగ్గు ఏరి అమ్మిన డబ్బుల్తో తెచ్చేవాడు. పెద్దూరి దారిలో చేత్తో నడిపించుకుంటా వచ్చి బయలుకి చేరాక ఎక్కేవాడు. నేనూ నేర్చుకున్నా. సీటు అందదు గదా, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి అడ్డంగా తొక్కేదాన్ని. పరికిణీ గొలుసులో పడి చిరిగితే అమ్మ చీపురు తిరగేసింది. ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ నా అరికాళ్లకి పెడల్ తగులుద్ది.

అట్టా రెండేళ్లు తొక్కాడు వాడు. చేతులొదిలేసి తొక్కేవాడు, వెనక మా తమ్ముణ్ణి నిలబెట్టుకుని తొక్కేవాడు. 1975 ఎండాకాలం. పదో తరగతి ఫలితాలు వచ్చాయని ఎవరో చెప్తే స్టేషనుకి ఉరికి పేపరు చూశాడు. నంబరుంది. అద్దె సైకిలు తీసుకుని ఇంటికి బయలుదేరాడు. అడ్డదారిలో పెద్దూరి నడివీధిలోంచి, రావిచెట్టు కింద కూర్చున్నోళ్ల ముందు నుంచి, సైకిలు దిగకుండా వచ్చేశాడు. బెల్లు కూడా కొట్టాడంట.

వాగు దాటకముందే పట్టుకున్నారు. చెట్టు కాడికి లాక్కొచ్చి కొట్టారు. సైకిల్ని పక్కనున్న మోటబావిలో పడేశారు. మా నాయన పోయి నేలమీద పడి కాళ్లు పట్టుకుంటే గాని వదల్లా. ఎవరు కొట్టారో వాళ్ల పేర్లు మా పల్లెలో ఇప్పటికీ అందరికీ తెలుసు. స్టేషనుకి పోయి ఫిర్యాదు ఇయ్యాలనే ఊహ అప్పట్లో మాకు రాదు. వచ్చినా, మేర ఆగిపోద్ది, కూలి ఆగిపోద్ది. సైకిలు కొట్టాయనకి డబ్బు కట్టడానికి మేకలు మూడు అమ్ముకున్నాం. నేను ఇమానం ఎక్కించిన మేక కూడా అందులో పోయింది.

రాత్రి జేజి ఆముదం కాచి వీపుకి రాస్తుంటే నాయన ఏడుస్తా అడిగాడు. "పొగరెక్కిందా రా నీకు? వాళ్ల ముందు దిగకుండా ఎట్టా వచ్చావురా?"

"పొగరు గాదు నాయనా" అన్నాడు వాడు. "దిగాలని మర్చిపోయినా."

ఆ మాట నేను ఎన్నోచోట్ల చెప్పాను, విద్యార్థుల సభల్లో, సంఘం తరగతుల్లో. వాడు ఎదిరించాలని ఎదిరించలా. రెండేళ్లు ఎవడూ దిగమనని నేలమీద తొక్కి తొక్కి వాడి ఒళ్లు దిగడం మర్చిపోయింది. మా నాయన వెన్ను వంగి ఉండేది పుట్టుకతో గాదనీ, వంచకుండా ఒక బయలంత చోటు ఇస్తే రెండేళ్లలో నిటారుగా నిలబడుద్దనీ నాకు అర్థం చేయించింది ఏ పుస్తకమూ గాదు. నెల తిరక్కుండా వాడు గుంతకల్లు రైలెక్కాడు. రైల్వేలో గ్యాంగుమనిషిగా కుదిరాడు. మళ్లీ పల్లెలో పట్టుమని పది రోజులున్నది లేదు.

ఇంతవరకూ రాసింది చదివితే ఆ బయలు మాకు స్వర్గమన్నట్టుంది. మగపిల్లలకి రాసుకుంటే అంతే. మాకు అట్టా గాదు.

కూలిన గోడల కాడ సాయంత్రం పూట పెద్దూరి మగాళ్లు చేరి పేకాట ఆడేవాళ్లు, తాగేవాళ్లు. ఆ వైపు పోవద్దని అమ్మ ముందునించీ చెప్పేది. మా చిన్నమ్మ ఒకరోజు తంగేడు చెక్కకని పోయి ఖాళీ గంపతో ఉరుక్కుంటా వచ్చింది. చేతిగాజులు లేవు. ఇంట్లో ఆడోళ్లెవరూ ఏమైందని అడగలా. నీళ్లు కాచి పోశారు. మగాళ్లకి చెప్పలా. ఆ ఏడే ఆమెకి దూరపు సంబంధం చూసి పెళ్లి చేసేశారు. ఎవరిదీ కాని నేల అని నేను పైన రాశాను గదా. ఎవరిదీ కాని నేలమీద మాదిగాడది దొరికితే ఆమె కూడా ఎవరిదీ కాదనే వాళ్ల లెక్క.

నేను పెద్దమనిషినయ్యాక అమ్మ నన్ను బయలుకి పోనీలా. గడపలో కూర్చుని చూసేదాన్ని. సాయంత్రం అబ్బ చంకన గుడ్డతో పోతుంటే, "నేనూ వస్తా అబ్బా" అంటే ఆగి, అమ్మ వైపు చూసి, ఏమీ అనకుండా పోయేవాడు. పదమూడేళ్లకే నా బయలు అయిపోయింది. మిషను బడి హాస్టల్లో వేయమని నేను గోల చేసింది చదువు మీద ప్రేమతోనే గాదు, ఆ గడపలోంచి లేవడానికి.

1985 జులై 17న మా జిల్లాలోనే కారంచేడులో ఆరుగురు మాదిగల్ని నరికి చంపారు. తాగేనీళ్ల చెరువు కాడ బర్రెలకి కుడితి పెట్టిన బక్కెట కడగొద్దన్న మాట మీద మొదలైంది గొడవ. మున్నంగి సువార్త బిందె ఎత్తింది. అప్పటికి నేను టీచరు పనిలో చేరి మూడేళ్లు. చీరాల శిబిరానికి బియ్యం తీసుకుపోయినోళ్లలో నేనూ ఉన్నా. శిబిరంలో ఆడోళ్లు మాట్లాడుతుంటే నాకు మా చిన్నమ్మ గంప గుర్తుకొచ్చింది. చెరువయితేనేం, బయలయితేనేం, అందరిదీ అన్న చోట మేం నిలబడితే అది ఎవరిదో చెప్పడానికి గొడ్డళ్లు తెస్తారు.

మా పల్లెకి శ్మశానం లేదు. పాతవి వాగు పక్కన ఉండేవి, వాగు కోసుకుపోయింది. అప్పటినుంచీ బయలు అంచునే పెడుతున్నాం. అబ్బ 1979లో పోతే ఆయన్నీ ఆడే పెట్టారు. పక్కన జేజి. ఆరె, గూటం సమాధిలో పెట్టాలని జేజి పట్టుబట్టింది. పాస్టరయ్య గొణిగాడు గాని ఒప్పుకున్నాడు.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు దొనకొండని రాజధాని చేస్తారని పుకారు లేచింది. కార్లొచ్చాయి. మా మెట్టకి అంత ధర పలకడం ఎవరూ కలలో అనుకోలా. మా పల్లెలో కొందరికి డి-ఫారం పట్టాలున్నాయి. అసైన్డ్ భూమి అమ్మటం, కొనటం 1977 చట్టం ప్రకారం చెల్లదని చెప్పినా, తెల్లకాగితాల మీద వేలిముద్రలు వేయించుకోవడానికి తిరిగినోళ్లు తిరిగారు. రాజధాని అమరావతికి పోయింది. కార్లు ఆగినాయి. తర్వాత పరిశ్రమలన్నారు, విమానాశ్రయం మళ్లీ తెరుస్తామన్నారు. అన్నప్పుడల్లా ఎవరో ఒకరు గొలుసు పట్టుకుని కొలవడానికి వస్తారు.

అడంగల్లో రెండు కాలాలుంటాయి. ఒకటి పట్టాదారు, ఒకటి అనుభవదారు. రాయి మోసి ఆ నేల చేసినోళ్లు, మేకలు మేపినోళ్లు, తంగేడు చెక్క కొట్టుకున్నోళ్లు, సైకిలు నేర్చుకున్నోళ్లు, ఆడే మట్టయిపోయినోళ్లు, వీళ్లంతా ఏ కాలంలోకీ రారు. శ్మశానానికి ఎకరం చూపించమని మావాళ్లు అర్జీలు పెడుతూనే ఉన్నారు. రసీదులన్నీ మా తమ్ముడి ఇంట్లో రేకుపెట్టెలో ఉన్నాయి. ఆ పెట్టె అబ్బది, కుట్టుసామాను పెట్టుకునేది.

కిందటేడు తమ్ముడి కొడుకు ఫోను చేశాడు. "అత్తా, మళ్లీ కొలుస్తున్నారు. సమాధులు కంపలో కనపట్టంలా. ఈడ ఏమీ లేదని రాసుకుంటున్నారు" అన్నాడు.

కంప కొట్టించమన్నా. డబ్బు పంపాను. పల్లెలో ఇంటికొకరు గొడ్డళ్లు తీసుకుని పోయారంట, ఆడోళ్లు కూడా. రెండు రోజులు కొట్టి, కూలినవాటికి రాళ్లు పేర్చి, ఉన్నవి ఉన్నట్టు అన్నిటికీ సున్నం వేశారు. నలభై ఆరు లెక్కకొచ్చాయి.